బూట్ల కథ కాసేపు పక్కన పెట్టు

తమ్ముడూ,

భారత ఫుట్‌బాల్ జట్టు చరిత్ర మీద నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. కానీ మొదటి పేజీలోనే "బూట్లు లేవని 1950 ప్రపంచ కప్‌లో మనల్ని ఆడనివ్వలేదు" అని రాసేశావు. ఆ మాట ఊరంతా చెప్పుకునేదే. అందుకే దాన్ని అంత తేలిగ్గా నమ్మకూడదు. బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే మనకి చోటు దొరికింది. అయినా వెళ్ళలేదు. అప్పట్లో మన ఫెడరేషన్‌కి ఒలింపిక్సే లోకం, ప్రపంచ కప్ పెద్దగా లెక్కలో లేదు. ఆ తరం ఆటగాడు శైలేన్ మన్నా కూడా తర్వాత ఇదే చెప్పాడు. పెద్దవాళ్ళు పట్టించుకోలేదు అని రాస్తే కథ చప్పగా ఉంటుందని నీ భయం. చప్పగా ఉన్నా సరే, అదే రాయి.

బూట్ల కథ అసలు ఉన్నది వేరే చోట. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది ఒట్టి కాళ్ళతోనే దిగారు. రెండు పెనాల్టీలు పోగొట్టుకుని, ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతో ఓడారు. ఆ ఓటమిని ఎంత ముద్దుగా రాశావో! 1952 హెల్సింకీలో యుగోస్లావియా 10-1తో చితక్కొట్టింది. దాన్ని మాత్రం ఒక్క వాక్యంలో దాటేశావు. బూట్లు తప్పనిసరి అయింది ఆ దెబ్బ తర్వాతే. పరువు పోయిన చోటే చరిత్రకారుడికి పని ఎక్కువ.

ఇక మన జట్టు కోచ్ రహీం సాబ్. "మహా ద్రష్ట", "శిల్పి", "మాంత్రికుడు" అని మూడు బిరుదులిచ్చి వదిలేశావు. పాఠకుడికి మనిషి ఎక్కడ కనిపిస్తాడు? సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులు. డ్రిబ్లింగ్, అంటే బంతిని కాళ్ళ దగ్గరే తిప్పుకుంటూ పరుగెత్తడం, చెయ్యకూడదని ఒక పోటీ, బలం తక్కువున్న కాలితోనే ఆడాలని ఇంకో పోటీ పెట్టేవాడు. ఈ ఒక్క సంగతి రాస్తే నీ బిరుదులు మూడూ కొట్టేయొచ్చు.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్‌కి కనీసం పది పేజీలివ్వు. ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ ఇండోనేషియా రానివ్వకపోవడం మీద మన ప్రతినిధి సోంధీ గొడవ చేశాడు. అక్కడి జనం కోపం స్టేడియంలో మన జట్టు మీద పడింది. అవతల దక్షిణ కొరియా, మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టు. జర్నైల్ సింగ్ తలకి కుట్లు. అతను డిఫెండర్. రహీం అతన్ని ముందుకి పంపి ఫార్వర్డ్‌గా ఆడించాడు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1. కుట్లున్న తలతో బంతి కోసం ఎగిరేవాణ్ణి ఊహించుకో, నీకిక ఉపమానాలు అక్కర్లేదు. మరుసటి ఏడాది జూన్‌లో రహీం క్యాన్సర్‌తో పోయాడు.

ఆ వెంటనే నువ్వు "స్వర్ణయుగం ముగిసింది" అని నిట్టూర్చావు. అంత తొందరేమిటి? 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం, 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కంచు పతకం మనవే కదా. జారడం నెమ్మదిగా జరిగింది, కాబట్టి నెమ్మదిగానే రాయాలి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా మీద నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ గురించి నువ్వు రాసింది బాగుంది, దాన్ని ముట్టుకోకు.

ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టాడు. తెలుగులో రాస్తూ అతన్ని ఎలా మర్చిపోయావయ్యా? ముందు ఆ అధ్యాయం రాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం.

ఉంటాను,
మీ అన్నయ్య