స్టెంట్ వేశాక నాన్న మెట్లెక్కట్లేదు, బిళ్ళలు మానేస్తానంటున్నారు, ఏం చేయాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. నాన్నగారికి 58 ఏళ్ళు, సూర్యారావుపేట ఆసుపత్రిలో గుండె ఎటాక్‌తో చేరితే ఒక స్టెంట్ (పూడిన గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న లోహపు గొట్టం) వేశారు, మూడు వారాలైంది. ఆయన మేడ మీది గది వదిలేసి హాల్లో మంచం వేయించుకుని దిగట్లేదు. మీ పెదనాన్నగారు వచ్చి తెల్లమద్ది కషాయం తాగితే ఈ బిళ్ళలన్నీ మానేయొచ్చని చెప్పి వెళ్ళారు. రక్తనాళంలో ఇంకో బ్లాక్, అంటే పూడిక, మిగిలుందని డాక్టరు అన్న మాట పట్టుకుని ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఇదీ కదా సంగతి. నేను డాక్టర్ని కాదు, గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. నాకు 52వ ఏట స్టెంట్ పడింది, ఇప్పుడు 55. కాబట్టి నా మాట మీద మందులు మార్చడం, ఆపడం లాంటివి చేయకండి. నేను చేసిన తప్పులు మాత్రం చెబుతాను.

మార్చి నెల, సీజన్ మంచి ఊపు మీదుంది. తెల్లారి ఆరున్నరకే కాటాల దగ్గర నిలబడ్డాను. గుండెల మీద మిర్చి టిక్కీ (బస్తా) దించినట్టు బరువు. యార్డులో దగ్గనివాడు, కళ్ళు మండనివాడు ఉండడు కాబట్టి మిర్చి ఘాటనుకున్నా. తర్వాత గ్యాసనుకుని నిమ్మకాయ సోడా తాగితే తేన్పొచ్చింది, హమ్మయ్య అనుకున్నా. దవడ లాగుతుంటే పంటి నొప్పనుకున్నా (ఆ పన్ను సంగతి మళ్ళీ వస్తుంది). అలా రెండు గంటలు పోయాయి. చివరికి ఒక హమాలీ "మూట మోసింది నేనైతే చొక్కా తడిసింది మీదేంటి గుమాస్తా గారూ" అన్నాడు. అప్పుడు చూసుకున్నా, బనీను పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఆటోలో కొత్తపేట ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మొదటి ఈసీజీలో పెద్దగా ఏమీ కనపడలేదు, ఇంకేం, లేచి ఇంటికి పోతానన్నా. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు పోనివ్వలేదు. అరగంటకి మళ్ళీ తీస్తే అందులో ఎటాక్ దొరికింది. మొదటి ఈసీజీ బాగుందంటే గుండె బాగున్నట్టు కాదు, నొప్పి తగ్గకపోతే మళ్ళీ తీయాలి, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కూడా చూడాలి. షుగరున్నవాళ్ళకి, ఆడవాళ్ళకి ఒక్కోసారి ఛాతీ నొప్పి లేకుండానే ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసంతో రావచ్చు. మీ అమ్మగారికి షుగరని రాశారు, ఈ ముక్క ఆవిడ కోసం కూడా.

ఇక స్టెంట్. మణికట్టు దగ్గర మత్తు సూది, అక్కడి నుంచి సన్న గొట్టం, నేను మెలకువగానే ఉన్నా, పక్కన తెరమీద నా గుండె నాకే కనిపించింది. మర్నాటికి నొప్పి లేదు కాబట్టి జబ్బు అయిపోయిందనుకున్నా. నాన్నగారు కూడా "బ్లాక్ తీసేశారు కదా, మళ్ళీ ఈ గుప్పెడు బిళ్ళలెందుకు" అంటున్నారంటే ఆయనకీ ఇదే అపోహ ఉండుంటుంది. మీరు విజయవాడ వాళ్ళు కాబట్టి బందరు కాలువ లెక్కన చెబుతా. ఒక వంతెన కింద పూడిక పక్కకి నొక్కి, గట్టు జారకుండా ఇనప చట్రం పెట్టారు, అంతే. మిగతా కాలువంతా అవే నీళ్ళు, అదే ఒండ్రు. పైగా ఆ చట్రం ఒంటికి కొత్త లోహం, రక్తం దాని మీద గడ్డకట్టాలని చూస్తుంది. లోపలి పొర పెరిగి దాన్ని కప్పేదాకా రెండు రకాల బిళ్ళలు కాపలా ఉండాలి: ఒకటి ఆస్పిరిన్, రెండోది క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ ప్రాసుగ్రెల్ గానీ. రక్తం పలచబడే బిళ్ళలని అందరం అంటాం గానీ అవి రక్తాన్ని నీళ్ళలా ఏమీ చేయవు, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తాయి. ఎటాక్ వచ్చి స్టెంట్ పడినవాళ్ళకి రెండో బిళ్ళ మామూలుగా ఏడాది, ఆస్పిరిన్ చాలామందికి జీవితాంతం. మూడు వారాలకే ఆపేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టొచ్చు, అది ప్రాణాల మీదకి తెచ్చే వ్యవహారం. పెదనాన్నగారికి ఈ ఒక్కటీ గట్టిగా చెప్పండి, చాలు.

నా తప్పులన్నీ ఈ బిళ్ళల దగ్గరే జరిగాయి. మొదట నాకు టికాగ్రెలార్ ఇచ్చారు. పదో రోజు రాత్రి పడుకుంటే ఊపిరి సరిపోనట్టనిపించి లేచి కూర్చున్నా, మా ఆవిడ భయపడి 108కి ఫోన్ చేసింది. ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) అన్నీ బాగున్నాయి. "ఆ బిళ్ళకి కొంతమందికి ఇలా ఆయాసం వస్తుంది" అన్నారు తాపీగా. ఆ ముక్క డిశ్చార్జి రోజే చెప్పుంటే మా ఇంట్లో ఆ రాత్రి అంత ఏడుపు ఉండేది కాదు. తర్వాత వాళ్ళే వేరే బిళ్ళకి మార్చారు. అలాగని ఆయాసం వస్తే బిళ్ళదేలే అని మీరు ఊరుకోవద్దు, అది తేల్చాల్సింది డాక్టరే.

రెండోది పన్ను. అయిదో నెలలో అది పీకించుకోక తప్పలేదు. పళ్ళ డాక్టరు బిళ్ళలు నాలుగు రోజులు ఆపి రమ్మన్నాడు, నేను బుద్ధిగా రెండూ ఆపేసి వెళ్ళా. తర్వాత చెకప్‌లో మాటల మధ్య ఈ సంగతి చెబితే గుండె డాక్టరు రాస్తున్న పెన్ను కింద పెట్టేశాడు. "పంటి దగ్గర రక్తాన్ని దూది పెట్టో కుట్టు వేసో ఆపొచ్చు, స్టెంట్‌లో గడ్డ కడితే ఎవరాపుతారు? నన్నొక్క మాట అడగలేకపోయావా?" నిజమే, అడగలేదు. ఆయన గదిలో ఉండేది నాలుగు నిమిషాలు, బయట అరవై మంది, ఏం అడగాలో మర్చిపోతాను. అప్పటి నుంచి కొట్టు చీటీ వెనక రాసుకెళుతున్నా. ఒక్కో బిళ్ళ పేరు, అది దేనికి, ఎప్పటిదాకా, ఏం జరిగితే ఫోన్ చేయాలి, అంతే. చీటీ చేతిలో ఉంటే ఆయనా విసుక్కోడు, చకచకా చెప్పేస్తాడు. మీరూ నాన్నగారి బిళ్ళలకి ఇలాంటి చీటీ రాయండి. సగం భయం ఏ బిళ్ళ ఎందుకో తెలియకే.

కొవ్వు తగ్గించే బిళ్ళ (స్టాటిన్) గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఆర్నెల్లకి రిపోర్టు మామూలుకి రాగానే అందరూ ముందు మానేసేది దాన్నే. రిపోర్టు మామూలుకొచ్చింది ఆ బిళ్ళ వల్ల! స్టెంట్ పడినవాళ్ళకి చెడ్డ కొవ్వు, అదే ఎల్‌డీఎల్, 70 లోపు ఉండాలంటారు, ఇప్పుడు చాలామంది డాక్టర్లు 55 లోపు తెమ్మంటున్నారు. ల్యాబు కాగితం మీద 100 దాకా మామూలే అని ఉంటుంది, అది మనకి వర్తించదు. కండరాలు బాగా నొప్పులొస్తే చెప్పండి, మోతాదు తగ్గిస్తారు లేదా రకం మారుస్తారు.

తెల్లమద్ది బెరడు గుండెకి మంచిదని మా నాయనమ్మా అనేది, ఆ నమ్మకాన్ని నేను వెక్కిరించను. కానీ అది స్టెంట్ బిళ్ళల బదులు పనిచేస్తుందని ఎవరూ రుజువు చేయలేదు, బిళ్ళలతో కలిపి తాగితే ఏమవుతుందో కూడా ముందు డాక్టర్ని అడగాల్సిందే. ఆపరేషన్ లేకుండా బ్లాకులు కరిగిస్తామని గోడల మీద ప్రకటనలుంటాయి చూశారూ, వాటి జోలికి మాత్రం పోకండి, మా యార్డులో ఒకాయన అక్కడ డబ్బులు పోసి, బిళ్ళలు మానేసి, మళ్ళీ ఐసీయూలో తేలాడు.

మిగిలిన బ్లాక్ సంగతికొస్తే, "ఒక బ్లాక్ ఉంది" అన్న మాటకి ఏ అర్థమూ లేదు. ఏ రక్తనాళంలో, ఎంత శాతం, దానికి స్టెంట్ వేస్తారా, మందులతో చూస్తారా, ఈ మూడూ అడగండి. ఎటాక్‌తో వచ్చినవాళ్ళకి పెద్ద బ్లాక్ ఇంకోటుంటే కొన్ని వారాల్లో రెండోసారి పిలిచి అదీ సరిచేయడం మామూలే, అలా తేదీ ఇచ్చుంటే ఎగ్గొట్టకండి. చిన్నదైతే మందులే. నాకు 50 శాతం ఒకటి అలాగే ఉంది, మూడేళ్ళుగా నాతోపాటే యార్డుకొస్తోంది. ఎటాక్ లేకుండా, నడిస్తేనే నొప్పి వచ్చే నిలకడ జబ్బుదైతే లెక్క వేరు. 2019లో ఫలితాలొచ్చిన ఇస్కీమియా అనే పరిశోధనలో 5,000 మందికి పైగా చూశారు, అలాంటి రోగుల్లో ముందే స్టెంటో బైపాసో చేసినా, మంచి మందులతో మొదలుపెట్టినా చావుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, నొప్పి మాత్రం స్టెంట్ వాళ్ళకి బాగా తగ్గింది. కాబట్టి కనపడ్డ ప్రతి బ్లాకూ బాంబు కాదు.

ఆరోగ్యశ్రీలో, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో వేసింది చౌక స్టెంటని చుట్టాలు అంటున్నారని రాశారు. ధర తక్కువైతే సరుకు నాసిరకమనే లెక్క మిర్చికే కుదరదు. ఒకప్పుడు లక్షా లక్షన్నర వసూలు చేసిన మందు పూత స్టెంట్లకి 2017 ఫిబ్రవరిలో కేంద్రం 29,600 రూపాయల దగ్గర గీత గీసింది, స్టెంట్లేమీ మారలేదు, ధరే మారింది. స్టెంట్ స్టిక్కరున్న కార్డు ఇస్తారు, అది జాగ్రత్తగా దాచండి. ఎమ్మారై అవసరమైతే అది చూపిస్తే చాలు, అయస్కాంతం స్టెంట్‌ని లాగేస్తుందన్నది ఉత్త మాట.

ఇప్పుడు అసలు సంగతి, ఆయన మంచం. నేనూ దిగలేదు. స్నానానికి మా అబ్బాయి తలుపు బయట కాపలా, నేను దగ్గితే మా ఆవిడ పరుగు. గుండె కొట్టుకోవడం చెవిలో వినిపించి రాత్రుళ్ళు లెక్కపెట్టేవాణ్ణి. మనవాళ్ళు ప్రేమకొద్దీ మనిషిని గాజుబొమ్మని చేసేస్తారు, ఆ మనిషి కూడా తాను గాజే అనుకుంటాడు. నాకు ధైర్యం ఇచ్చింది ఎకో కాగితం. అందులో ఈఎఫ్ అని పంపింగ్ శాతం ఉంటుంది, నాది 50, మామూలు మనిషికే 55 నుంచి 70. నూటికి యాభై మార్కులే అని నేను దిగులుపడుతుంటే, అది పరీక్ష కాదు, నూటికి నూరు ఎవరికీ ఉండదని నర్సమ్మ నవ్వింది. నాన్నగారిది ఎంతో చూడండి. డాక్టరు సరేనంటే మొదట ఇంట్లో, తర్వాత వీధి చివరిదాకా, వారానికి కాస్త పెంచుతూ నడిపించండి, నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే. మీరు ఆయన వెనకాల కాదు, పక్కన నడవండి. రెండు నెలలైనా మనిషి ముభావంగా, ఏడుపు మొహంతో ఉంటే అది గుండె నీరసం కాక దిగులు జబ్బు కావచ్చు, దానికీ మందుంది, మొహమాటపడకుండా చెప్పండి. భార్యాభర్తల సంగతి కూడా చాలామంది సిగ్గుపడి అడగరు. రెండంతస్తులు ఆయాసం లేకుండా ఎక్కగలిగితే దానికీ భయం లేదన్నారు మాకు.

తిండి గురించి ఎక్కువ చెప్పను. సిగరెట్ ఉంటే అది ఈ రోజే ఆఖరు, తగ్గించడం కాదు, మానడమే. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపే, అంటే ఒక టీ చెంచా, ఊరగాయతో సహా. గుంటూరోడికి ఇది ఉరిశిక్షే, నేను గోంగూర పచ్చడి వారానికోసారి పెరుగన్నం పక్కన గోరంత పెట్టుకుంటున్నా. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది, కిడ్నీ సమస్య ఉన్నా, కొన్ని బీపీ బిళ్ళలు వాడుతున్నా అది ప్రమాదం, అడక్కుండా కొనకండి.

మళ్ళీ గుండెల్లో బరువు, చెమటలు, దవడ, చెయ్యి లాగడం వస్తే బండి మీద ఎక్కించుకుని వెళ్ళకండి, 108కి ఫోన్ చేయండి. నాలుక కింద పెట్టుకునే బిళ్ళ రాసిచ్చుంటే కూర్చోబెట్టి ఇవ్వండి, నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

నాన్నగారికి దుర్గమ్మ గుడి మెట్లు మళ్ళీ ఎక్కుతానా అని బెంగ అన్నారు. నేను ఏడాది నిండాక, ట్రెడ్‌మిల్ పరీక్ష అయ్యి డాక్టరు సరేనన్నాక, కార్తీకమాసంలో కోటప్పకొండ మెట్లదారిన బయల్దేరా. నాలుగు చోట్ల కూర్చున్నా, ఒక చోట మజ్జిగ తాగా, ఉప్పు లేకుండా. మా ఆవిడ ఘాట్ రోడ్డున బస్సులో పైకెళ్ళి, నేను వచ్చేదాకా దర్శనం క్యూలో నిలబడలేదు.