ఊరి హీరోని దేవుడిలా చూస్తున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మేం ఇండియానాలో ఒక చిన్న ఊళ్లో ఉంటాం. మావాడికి పద్నాలుగేళ్లు. హైస్కూల్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఒక సీనియర్ కుర్రాణ్ణి ఊరంతా నెత్తిన పెట్టుకుంది. మావాడు అతని హెయిర్‌కట్, షూస్, నడక కూడా దించేస్తున్నాడు. చదువు అటకెక్కుతుందేమోనని టెన్షన్. మాన్పించాలా మేడమ్?
- ఒక తల్లి

జవాబు: మాన్పించకండి. ఈ వయసులో వద్దంటే ఇంకా బిగుసుకుంటారు. పైగా ఎక్కడో తెరమీద కనిపించే స్టార్ కాకుండా రోజూ స్కూల్లో ఎదురయ్యే కుర్రాడు హీరో కావడం నిజంగా మంచిదమ్మా, అతను ఎంత చెమటోడిస్తే ఆ ఆట వచ్చిందో మీవాడు కళ్లారా చూడొచ్చు.

మీ రాష్ట్రంవాడే, బాబీ ప్లంప్ గురించి చెప్పండి. మైలన్ అనే చిన్న ఊరు, హైస్కూల్లో మొత్తం 161 మంది. అప్పట్లో చిన్నా పెద్దా స్కూళ్లన్నిటికీ ఒకటే టోర్నమెంటు. 1954 ఫైనల్లో ఆ పిల్లలు తమకంటే ఎన్నో రెట్లు పెద్దదైన మన్సీ సెంట్రల్‌ని 32-30తో ఓడించారు, ఆఖరి క్షణంలో బుట్టలో వేసింది ప్లంప్. జనం ఇప్పటికీ ఆ షాట్ గురించే చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతకుముందు జరిగిందే ముఖ్యం. ఆ రోజు అతనికి షాట్లు పడటం లేదు, జట్టు రెండు పాయింట్లు వెనకబడింది, అయినా కోచ్ ప్లాన్ ప్రకారం నాలుగో క్వార్టర్‌లో నాలుగు నిమిషాలకు పైగా, వేలమంది చూస్తుండగా, బంతి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. తీరా వేస్తే అదీ తప్పింది! అయినా ఆఖర్న బంతి మళ్లీ అతని చేతికే ఇచ్చారు, జట్టుకి అతనిమీద అంత నమ్మకం. ఆ ఏడాది ఆటతోపాటు చదువూ నడవడికా చూసి ఇచ్చే ట్రెస్టర్ అవార్డు కూడా అతనికే వచ్చింది. తర్వాత బట్లర్ యూనివర్సిటీలో చదివాడు.

చదువు సంగతికొస్తే, అక్కడ సరిపడా సబ్జెక్టులు పాసవకపోతే హైస్కూల్ టీమ్‌లో ఆడనివ్వరు. మీవాడికి ఆట పిచ్చి ఉంటే ఆ రూలే మీకు సగం పని చేసిపెడుతుంది.

ఒక్క మాట, ఆ సీనియర్ కూడా పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లాడే, అతనేదో తప్పు చేసినరోజు "చూశావా నీ హీరోని" అని దెప్పకండి. ఈసారి మ్యాచ్‌కి మీరూ వెళ్లి మీవాడి పక్కన కూర్చోండి. బంతి పోగొట్టుకున్నాక అతను మొహం వేలాడేస్తున్నాడా, వెంటనే డిఫెన్స్‌కి పరిగెడుతున్నాడా, బెంచీమీద కూర్చున్న పిల్లలతో ఎలా మాట్లాడుతున్నాడు, ఇవన్నీ మీవాణ్ణే అడగండి, మీకు తెలియనట్టు. గంటసేపు చెప్తాడు.