సంతకం పెట్టే ముందు

బిడ్డా,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేసిండు. నిన్ను ఫుట్‌బాల్ క్లబ్బువాళ్లు పిలిచారని, పది రోజుల్లో కాగితం మీద సంతకం పెట్టాలన్నారని చెప్పిండు. ఆయన అడిగిన మొదటి మాట జీతం గురించి కాదు, "మేడం, రేపు పెళ్లికి ఏమన్నా అడ్డమైతదా" అని. దానికి జవాబు ఆయనకే గట్టిగా ఇచ్చిన, ఆ సంగతి నువ్వు మనసులో పెట్టుకోకు. నీకు చెప్పాల్సినవి వేరే ఉన్నాయి.

ముందు క్యాలెండర్ చూడు. మన దేశంలో ఆడవాళ్ల ఫుట్‌బాల్ క్లబ్బులు ఆడే ఇండియన్ విమెన్స్ లీగ్ 2016-17లో మొదలైంది. చాలా ఏళ్లు జట్లన్నింటినీ ఒకటి రెండు ఊళ్లకు పిలిచి, కొన్ని వారాల్లో టోర్నమెంటులా ముగించేవారు. సొంత గ్రౌండ్‌లో ఒకటి, ఎదుటివాళ్ల గ్రౌండ్‌లో ఒకటి ఆడే పద్ధతి 2023-24లో గానీ రాలేదు. 2024-25లో ఎనిమిది జట్లు, ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా. మిగతా ఎనిమిది నెలలు నువ్వెక్కడుంటావు? ఎవరు తిండి పెడతారు? ఎవరు ప్రాక్టీస్ చేయిస్తారు? నీకిచ్చిన కాగితంలో ఒప్పందం ఎన్ని నెలలకో ముందు అది చూడు. "సీజన్ ముగిసేదాకా" అని రాసి ఉంటే మే నెల నుంచి నీ ఖర్చు మీ బాపుదే.

ఒక్కో క్లబ్బు కనీసం పది మంది మన దేశపు ఆటగత్తెలకు ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా ఒప్పందం ఇవ్వాలని మన దేశపు ఫుట్‌బాల్ ఫెడరేషన్ 2023లో నిర్ణయించింది. నెలకు 27 వేలకు కొంచెం తక్కువ. నువ్వు ఆ పది మందిలో ఉన్నావా, పదకొండో దానివా? ఈ మాట అడగడానికి సిగ్గుపడకు. అడిగితే తీసేస్తారేమోనని భయపడే పిల్లలను చాలామందిని చూసిన. నా దగ్గర ఆడిన ఒకామె ఇంగ్లీషు కాగితం చదవకుండానే సంతకం చేసింది, నకలు కూడా తీసుకోలేదు. రెండు నెలల జీతం ఆగితే చూపడానికి చేతిలో ఫోన్‌లో తీసిన మసక ఫొటో ఒకటే ఉంది. జీతం ఏ తేదీకి పడుతుంది, దెబ్బ తగిలితే ఆపరేషన్ ఖర్చు ఎవరిది, ఇన్సూరెన్స్ ఉందా, వేరే క్లబ్బుకు పోవాలంటే ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, ఎప్పుడిస్తారు... ఇవన్నీ నోటిమాటగా కాక కాగితం మీద ఉండాలి.

ఇక మోకాలు. దీని గురించి ఎక్కువ రాస్తా, నన్ను తిట్టుకో, పర్వాలేదు.

నా మోకాలు పోయింది ఎవరో తన్నితే కాదు. ఎండాకాలం, మొరం గ్రౌండ్, వింగ్ మీద పరుగెత్తుతూ ఒక్కసారిగా లోపలికి తిరిగిన. టప్పుమని చప్పుడైంది. పక్కన ఎవరూ లేరు. ఊళ్లో కట్టు కట్టించారు, మూడు వారాలకు వాపు దిగింది, నేను మళ్లీ ఆడిన. రెండోసారి కాలు పక్కకు మడతపడ్డప్పుడు తెలిసింది, లోపల ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంటు ఎప్పుడో తెగిందని. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. ఆ లిగమెంటుకు ఏసీఎల్ అనే పేరుందని అప్పట్లో మా ఎవరికీ తెలీదు. నీకు తెలుసు. మగపిల్లల కంటే ఆడపిల్లలకు ఇది ఎన్నో రెట్లు ఎక్కువగా తెగుతుందనీ, ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల లోపు ఆటకు తొందరపడకూడదనీ నీకు నేనే చెప్పిన. అయినా వార్మప్ అనగానే రెండు రౌండ్లు కొట్టి బంతి కోసం ఉరుకుతావు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా వాళ్ల "ఎలెవెన్ ప్లస్" వార్మప్ కసరత్తులకు ఇరవై నిమిషాలు చాలు: ఎగిరి మెత్తగా దిగడం, ఒంటికాలి మీద నిలబడటం, తొడ వెనక కండరాన్ని గట్టి చేయడం. కోచ్ చేయించకపోతే నువ్వే ఇరవై నిమిషాలు ముందు పోయి చెయ్. స్టడ్స్, అదే ఆట బూట్ల విషయం కూడా. మీ అన్న బూట్లు వేసుకొని ముందు గుడ్డలు కుక్కే పని ఇక బంద్. మొదటి జీతంలో నీ కాలికి సరిపోయేవి కొనుక్కో.

నెత్తురు పరీక్ష చేయించుకో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. రెండో హాఫ్‌లో కాళ్లు బరువెక్కితే బద్ధకమనుకొని నిన్ను నువ్వే తిట్టుకోకు, ముందు హిమోగ్లోబిన్ చూపించుకో. నెలసరి తేదీలు ఒక పుస్తకంలో రాసి పెట్టు. ఫిజియోకు చెప్పడానికి మొహమాటం వద్దు.

మన నిజామాబాద్ జిల్లా పిల్ల గుగులోత్ సౌమ్యను చూసి నువ్వు బంతి పట్టినవని నాకు తెలుసు. ఆమె 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్‌కు పోయింది, తిరిగొచ్చి ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. 2024-25లో ఆ జట్టు లీగ్ గెలిచింది, ఆమెకు ఫెడరేషన్ ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఇచ్చింది. ఆమె బొమ్మ నీ గోడ మీద ఉండనీ. పక్కనే బాలాదేవి బొమ్మ కూడా పెట్టుకో. 2020లో స్కాట్లండ్‌లోని రేంజర్స్ క్లబ్బుకు సంతకం చేసిన ఆ మణిపూర్ ఆటగత్తె అంతకు పదేళ్ల ముందు నుంచే మణిపూర్ పోలీసులో ఉద్యోగి. యూరప్ క్లబ్బు పిలిచినంత ఆట ఉన్న మనిషికే వెనక నౌకరీ ఉంది! రైల్వే, పోలీసు, సశస్త్ర సీమా బల్ స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లు చూస్తుండు. డిగ్రీ దూరవిద్యలోనన్నా కట్టు. నీ సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్లో పెట్టు. ఏ టోర్నీది ఏ కోటాకు పనికొస్తుందో ముందే తెలియదు, జిల్లా స్థాయిదని ఏదీ పారేయకు.

ఎంత ఆడినా నీ చేతిలో లేనివి ఉంటాయి. 2022 జనవరిలో ఆడవాళ్ల ఏషియన్ కప్ మన దేశంలోనే జరిగింది. జట్టులో కోవిడ్ వచ్చి పదమూడు మంది కూడా దొరకక మనవాళ్లు మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది. అదే ఏడు ఆగస్టులో గోకులం కేరళ క్లబ్బు అమ్మాయిలు ఆసియా క్లబ్ టోర్నీ కోసం ఉజ్బెకిస్తాన్‌లోని తాష్కెంట్ దాకా పోయారు. ఫిఫా మన ఫెడరేషన్‌ను సస్పెండ్ చేయడంతో ఒక్క మ్యాచ్ ఆడకుండానే వెనక్కి వచ్చారు. మూడేళ్లకు, 2025 జూలైలో, థాయిలాండ్‌లో థాయిలాండ్‌నే 2-1తో ఓడించి మనవాళ్లు 2026 ఏషియన్ కప్‌కు అర్హత సాధించారు. రెండు గోల్స్ సంగీతా బాస్ఫోర్‌వి. నేను ఒక్కదాన్నే ఇంట్లో అరిచిన.

ఒకటి మీ అమ్మకు చదివి వినిపించు. 2021 నుంచి ఫిఫా నియమం: ఒప్పందంలో ఉన్న ఆటగత్తెకు కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, మూడింట రెండు వంతుల జీతం ఇవ్వాలి, గర్భం వచ్చిందని తీసేయకూడదు. ఐస్‌లాండ్ ఆటగత్తె సారా బ్యోర్క్ గున్నార్స్‌దోతిర్ ఈ నియమం పట్టుకునే ఫ్రాన్స్‌లోని లియోన్ క్లబ్బు మీద ఫిర్యాదు చేసి, ఆగిన జీతం 82 వేల యూరోలకు పైగా రాబట్టింది. పెళ్లయితే ఆట బంద్ అని ఏ కాగితంలోనూ లేదు.

ఆదివారం పొద్దున ఆ కాగితం తీసుకొని రా. మీ బాపును కూడా తోలుకురా, ఆయన బయట బండి మీద కూర్చోకుండా లోపలికి రావాలని చెప్పు. ముగ్గురం కూర్చొని లైను లైను చదువుదాం. అర్థం కాని దాని కింద పెన్సిల్‌తో గీత పెడదాం. సోమవారం నువ్వే వాళ్లకు ఫోన్ చేసి ఒక్కొక్కటి అడుగు, నేను పక్కన ఉంటా.

మీ పీఈటీ మేడం