మా అమ్మాయి రిసెప్టార్ ప్రొటీన్ల పనిలోకి వెళ్తానంటోంది, పంపమంటారా?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక తల్లి అడిగారు: "మా అమ్మాయి బరంపురంలో బయోటెక్నాలజీతో ప్లస్ త్రీ (డిగ్రీ) ఆఖరి ఏడాది చదువుతోంది. సెలవుల్లో హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేసింది. అక్కడ మనిషి న్యూక్లియర్ రిసెప్టార్ ప్రొటీన్ తయారుచేస్తారట, ఎమ్మెస్సీ చేసి ఆ పనిలోకే వెళ్తానంటోంది. ఫొటోలో సీసా మీద 'పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు' అని ఉంది. అది చూసి మావారికి ఒకటే టెన్షన్, బీఈడీ చేయమంటున్నారు. ఏం చేయమంటారు సార్?"

అమ్మా, ముందు ఆ సీసా సంగతి. పేరులో మనిషి ఉన్నా అది ఎవరి రక్తంలోంచో తీసింది కాదు. ఆ ప్రొటీన్ తాలూకు జన్యువును ల్యాబ్‌లో వాడే ఈ.కోలై బ్యాక్టీరియాలోనో పురుగుల కణాల్లోనో పెడతారు, అవే దాన్ని తయారుచేసి పెడతాయి. "మనుషులకు వాడరాదు" అన్నది విషమని కాదు, అది మందు కాదు కాబట్టి. మందులు కనిపెట్టేవాళ్లు పరీక్షలకు వాడుకునే సరుకు అది.

న్యూక్లియర్ రిసెప్టార్లంటే కణం లోపల హార్మోన్ల లాంటివాటిని పట్టుకునే ప్రొటీన్లు, ఇవి మన ఒంట్లో 48 రకాలు ఉన్నాయి. ఈస్ట్రోజెన్, కార్టిసాల్, విటమిన్ డి లాంటివి కణంలోకి చేరి వీటికి అతుక్కున్నాకే ఏ జన్యువు పనిచేయాలి, ఏది ఆగాలి అన్నది తేలుతుంది. రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే టామాక్సిఫెన్, షుగర్‌కి ఇచ్చే పయోగ్లిటజోన్, కోవిడ్ రోజుల్లో అందరం విన్న డెక్సామెథసోన్, ఈ మూడూ పనిచేసేది ఏదో ఒక న్యూక్లియర్ రిసెప్టార్ మీదే. కొత్త మందు దానికి అతుక్కుంటుందో లేదో చూడాలంటే ముందు శుద్ధమైన రిసెప్టార్ చేతిలో ఉండాలి కదా, అది చేసిపెట్టే మనుషులు కావాలి. నా దృష్టిలో ఇది చాలా మంచి పని.

కానీ ఓపిక బాగా కావాలి. బ్యాక్టీరియాలో ఈ ప్రొటీన్ చాలాసార్లు ముద్దకట్టి పనికిరాకుండా పోతుంది, అప్పుడు 37 డిగ్రీల్లో పెంచుతున్నదాన్ని 16, 18 డిగ్రీలకు దించి రాత్రంతా షేకర్‌లో ఉంచాలి, పొద్దున్నే కణాలు పగలగొట్టి ఆ ద్రవాన్ని చల్లటి గదిలో నికెల్ కాలమ్ (మనకు కావాల్సిన ప్రొటీన్‌ని పట్టి ఉంచే గొట్టం) గుండా నెమ్మదిగా దించాలి, చివరికి ప్రొటీన్లను సైజును బట్టి విడదీసే జెల్ రన్ చేసి నీలం రంగు వేస్తే ఉండాల్సిన చోట ఒకే గీత కనబడాలి. నాలుగు గీతలు కనబడితే ఇంకా శుద్ధి చేయాల్సిందే. గీత సరిగ్గా వచ్చినా ప్రొటీన్ హార్మోన్‌ని పట్టుకోకపోతే ఆ బ్యాచ్ దండగే. అన్నీ కుదిరాక చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80 ఫ్రీజర్‌లో దాచాలి, ఎందుకంటే మాటిమాటికీ కరిగించి గడ్డకట్టిస్తే పాడైపోతుంది.

అందుకే కాలేజీ పేరు చూసి ఎమ్మెస్సీలో చేర్చకండి. ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు ఎక్కడ చేయిస్తారు, పిల్లలు స్వయంగా ప్రొటీన్ తీస్తారా, లేక సార్ చేస్తుంటే చూస్తారా అని అక్కడి సీనియర్లనే అడగమనండి. ఉద్యోగం ఇంటర్వ్యూలో మార్కుల కన్నా ముందు అడిగేది ఆ చేతిపని గురించే. వారం రోజుల ట్రైనింగ్ ఇచ్చి సర్టిఫికెట్ చేతిలో పెట్టి వేలకు వేలు తీసుకునేవాళ్లకి మాత్రం ఒక్క రూపాయి కట్టకండి.

ఇంకో మాట, ఇది మన సరిహద్దు జిల్లాల పిల్లలు చివరి నిమిషంలో తెలుసుకుని బాధపడేది. ఇంట్లో తెలుగే మాట్లాడినా చదువంతా ఒడిశాలోనే అయితే ఆంధ్రా, తెలంగాణ రాష్ట్ర ఎంట్రన్సుల్లో మనం లోకల్ కిందకి రాము. కాబట్టి ఎమ్మెస్సీకి దేశమంతటికీ కలిపి పెట్టే ఎంట్రన్సులు గాట్-బి, ఐఐటీ జామ్‌లో బయోటెక్నాలజీ పేపర్, ఈ రెండూ రాయించండి. బరంపురం యూనివర్సిటీని కూడా చేతిలో ఉంచుకోండి, ఇంటికి దగ్గర.

జీతం దగ్గర దాపరికం వద్దు. ప్రైవేటు కంపెనీల్లో మొదటి రెండు మూడేళ్లు గొప్పగా ఏమీ ఉండదు, హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చు పోను ఇంటికి పంపేంత మిగలకపోవచ్చు. అదే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి ఇచ్చే ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే నెలకు 37,000 రూపాయలు, దాని మీద ఇంటద్దె భత్యం. ఇంటి అవసరాలు ఇప్పుడే తన సంపాదన మీద ఉంటే ఆ మాట తనతో విప్పి చెప్పండి, లేకపోతే ఆ బరువు ఇప్పుడే వేయకండి.

మీవారి బీఈడీ ఆలోచన తప్పేం కాదు, కానీ అది ఎమ్మెస్సీ అయ్యాక కూడా చేయొచ్చు. ల్యాబ్ పని మధ్యలో రెండు మూడేళ్లు వదిలేసి మళ్లీ చేరడం మాత్రం కష్టం. ఈలోపు ఓబీసీ అయితే సెంట్రల్ లిస్టులో ఒడిశా కింద మీ కులం ఉందో లేదో చూసుకుని, తహసీల్ ఆఫీసులో సర్టిఫికెట్‌కి ఇప్పుడే అర్జీ పెట్టండి. ఎంట్రన్స్ ఫారం నింపే రోజున తిరిగితే అది చేతికి రాదు.