పాత ఫెండర్ డీలక్స్ రివర్బ్‌లో హమ్ – ముందు చేయవలసిన పనులు

అమెరికా నుంచి తెచ్చుకున్న మీ 1966 నాటి డీలక్స్ రివర్బ్ గిటార్ యాంప్లిఫయర్ ఏళ్ల తరబడి మూలన పడి ఉండి, ఇప్పుడు వాల్యూమ్ సున్నాలో పెట్టినా గుయ్‌మంటోందని రాశారు కనుక, ముందుగా అనుమానించవలసింది ఎండిపోయిన ఫిల్టర్ కెపాసిటర్లనే (లోపలి విద్యుత్ సరఫరాలోని ఒడిదొడుకులను సరిచేసేవి). దయచేసి దాన్ని మళ్లీ ఆన్ చేయకండి.

ప్లగ్ తీసిన తరువాత కూడా ఆ కెపాసిటర్లలో 400 వోల్టులు నిలిచి ఉండవచ్చు. 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టర్ ఒక కొసను క్లిప్పుతో చాసిస్‌కు (యాంప్ లోపలి లోహపు చట్రానికి) తగిలించి, రెండో కొసను ఒంటి చేత్తో ప్రతి పాజిటివ్ కొసకూ కొన్ని సెకన్లు ఆనించి, మీటరులో వోల్టేజి సున్నాకు దిగిందని చూసుకున్నాకే లోపల చేయి పెట్టండి.

రెండు పిన్నుల పాత కరెంటు తీగను తీసేసి, మూడు పిన్నులది వేసి, ఎర్త్‌ను చాసిస్‌కు బోల్టుతో బిగించండి. గ్రౌండ్ స్విచ్‌కున్న 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను తప్పక తొలగించండి. అది షార్టయితే కరెంటు మీ గిటార్ తీగల దాకా వస్తుంది, దానికి ‘డెత్ క్యాప్’ అనే పేరు ఊరికే రాలేదు. కప్లింగ్ కెపాసిటర్లు (ఒక దశ నుంచి మరో దశకు ధ్వని సంకేతాన్ని పంపేవి) లీకవకపోతే వాటి జోలికి వెళ్లవద్దని నా అభిప్రాయం.

తొలిసారి ఆన్ చేసేటప్పుడు స్పీకర్ తగిలించి, మన కరెంటును 120 వోల్టులకు తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తరువాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో పెట్టండి. బల్బు ఒకసారి వెలిగి మసకబారకుండా పూర్తి కాంతితోనే ఉంటే, లోపల షార్ట్ ఉన్నట్టే.