ఎస్తేరు చుట్ట విప్పబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

న్యూయార్క్ మ్యూజియంలో హీబ్రూ రాతప్రతుల విభాగంలో చేరావనీ, బొమ్మలు వేసిన ఎస్తేరు చుట్టలకు, అంటే బైబిల్లోని ఎస్తేరు గ్రంథాన్ని చర్మం మీద రాసి చుట్టిన ప్రతులకు, వివరణ పట్టిక రాయడం నీ మొదటి పని అనీ చదివి సంతోషించాను. లండన్ కొలువులో నాకు ఎక్కువ కాలం ఇలాంటి చర్మపత్రాలతోనే గడిచింది కాబట్టి నన్ను అడగడం సబబే. అయితే నీ ప్రశ్నలన్నీ రంగులు, అంచులు, బొమ్మల గురించే ఉన్నాయి. వాటి సంగతి తరువాత. యూదుల పూరీము పండుగనాడు పదిమందిలో పైకి చదవడానికి రాసిన పాఠమిది. చదివే మనిషికి అందులో ఏం కావాలో తెలిస్తే తప్ప బొమ్మ అక్కడ ఎందుకుందో తెలియదు. అంచుల మీద మూడు పేజీలు రాసి, రాత మీద ఒక్క వాక్యంతో సరిపెట్టే పట్టికలంటే నాకు మొదటినుంచీ చిరాకు.

కాబట్టి ముందు మన తెలుగు బైబిల్లో ఎస్తేరు గ్రంథం మొత్తం చదువు. పది అధ్యాయాలే, ఒక మధ్యాహ్నం చాలు. పారసీక రాజు అహష్వేరోషు హిందూదేశం మొదలుకొని కూషు వరకు 127 సంస్థానాలను ఏలాడని మొదటి వాక్యంలోనే ఉంటుంది. మన ఊసు ఎనిమిదో అధ్యాయంలో మరొక్కసారి వస్తుంది, అంతే. రాణి వష్తి, ఎస్తేరును పెంచిన మొర్దెకై, యూదులను చంపించబోయిన హామాను ఎవరెవరో, ఎవరి తరువాత ఎవరు వస్తారో నోటికి వచ్చేదాకా చుట్ట జోలికి వెళ్లకు. ఇంకో సంగతి గమనించు. హీబ్రూ పాఠంలో దేవుడి పేరు ఒక్కచోట కూడా లేదు. యూదుల సమాజమందిరంలో చదివే తోరా (మోషే ఐదు గ్రంథాల) చుట్టలో రంగు, బొమ్మ, స్వరాల గుర్తులు ఏవీ ఉండకూడదు. ఎస్తేరుకు మాత్రం ఇంత సింగారం చెల్లడానికి దేవుడి పేరు లేకపోవడం ఒక కారణమని చెబుతారు. చదువుతున్నప్పుడు చూసి అనుసరించడానికి కుటుంబాలు సొంత చుట్టలు రాయించుకోవడం రెండో కారణం. ఈ అలవాటు పదహారో శతాబ్దపు ఇటలీలో ఊపందుకుంది. తేదీ తెలిసిన అలంకృత ఎస్తేరు చుట్టల్లో అన్నిటికన్నా పాతదని చెప్పేది వెనిస్‌లో 1564లో పూర్తయింది. రాసింది మెనాహెమ్ కూతురు స్తెల్లీనా. ఇప్పుడది జూరిక్‌లోని బ్రాగిన్‌స్కీ సేకరణలో ఉంది. లేఖకులంటే మగవాళ్లేనని ముందే తీర్మానించుకుని గ్రంథాంత గద్య (చివర లేఖకుల పేరు, తేదీ ఉండే భాగం) చదవవద్దు.

ఇక చేతుల సంగతి. చర్మపత్రానికి చేతితొడుగులు వద్దు. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరిన చేతులే మేలు. తొడుగు వేసుకుంటే అంచు ఎక్కడ చిరిగిందో వేలికి తెలియదు. వెండి పెట్టె ఉంటే దాన్ని పట్టుకోవడానికి మాత్రం తొడుగు తప్పదు. తోరా చుట్టలో రాత ఉన్న చర్మాన్ని వట్టి చేత్తో తాకకపోవడం యూదుల ఆచారం. ఎస్తేరు విషయంలో అంత పట్టింపు అందరికీ ఉండదు. అయినా నీ పక్కన పనిచేసేవాళ్లలో ఆచారం పాటించేవాళ్లు ఉంటే ఒక మాట అడుగు, అడిగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోరు.

గదిలో తేమ 50 శాతం దగ్గర నిలకడగా ఉండాలి. చర్మం గాలిలోని తేమను పీలుస్తుంది, ఆరితే ముడుచుకుంటుంది. దాని మీది రంగు అలా సాగదు, అందుకే పెచ్చులుగా లేస్తుంది. విప్పేముందు దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా పెట్టి చూడు. రంగు పొర లేచి ఉంటే దాని నీడ పడుతుంది. నీడ కనిపిస్తే అక్కడే ఆపి సంరక్షకుణ్ణి పిలువు. ఆకుపచ్చ దగ్గర మరీ జాగ్రత్త. రాగితో చేసిన పచ్చ కాలక్రమేణా చర్మాన్ని తినేస్తుంది. ఎస్తేరు చుట్టకు సాధారణంగా ఒకే కర్ర ఉంటుంది. కర్ర పెట్టెలోనే ఉండి, చీలికలోనుంచి చర్మాన్ని బయటికి లాగే రకమైతే, లాగవద్దు. లాగిన ప్రతిసారీ అంచు ఒరుసుకుపోతుంది. పెట్టె ఎలా ఊడుతుందో ముందు తెలుసుకో. విప్పింది జానెడు జానెడుగా బరువుసంచుల కింద ఉంచి, చూసినంత మేర చుట్టుకుంటూ కుడినుంచి ఎడమకు వెళ్లు.

మొదటి విడత బొమ్మల వంక చూడకు. ఎన్ని తోలుముక్కలు, ఎన్ని కాలమ్‌లు, కాలమ్‌కు ఎన్ని పంక్తులు, ఇవి రాసుకో. ముక్కలను కలిపిన కుట్టు చూడు. పాతదైతే జంతువు నరంతో చేసిన దారం ఉంటుంది. నూలుదారం కనిపిస్తే ఎవరో తరువాత బాగుచేశారన్నమాట. దాన్ని తీసేయకు, నమోదు చెయ్యి. సిరా లేకుండా గీరిన గీతలు కనిపిస్తాయి. హీబ్రూ అక్షరం ఆ గీత మీద కూర్చోదు, దాని కింద వేలాడుతుంది. ఒకచోట సిరా నలుపు మారితే, అరిగిన అక్షరాన్ని ఎవరో మళ్లీ దిద్దారేమో ఆలోచించు. ఆ చుట్టను చదువుతూ వచ్చారనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? నువ్వు మాత్రం ఒక్క చుక్క కూడా దిద్దకూడదు.

లేఖకుడు పాఠాన్ని జ్ఞాపకం మీద రాయకూడదు, ఎదురుగా ఇంకో ప్రతి ఉండాలి. యూదు పండితుడు రబ్బీ మేయిర్ ఆసియాకు, అంటే నేటి తుర్కియే ప్రాంతానికి, వెళ్లినప్పుడు అక్కడ హీబ్రూ ఎస్తేరు ప్రతి దొరకలేదట. కంఠస్థంగా ఒకటి రాసి, దాన్ని చూసి రెండోది రాసి, ఆ రెండోదాన్ని చదివాడట. నియమం ఎంత గట్టిదో ఈ కథే చెబుతుంది.

తొమ్మిదో అధ్యాయానికి రాగానే కాస్త ఆగు. హామాను పదిమంది కొడుకుల పేర్లు అక్కడ మిగతా పాఠంలా సాగవు. కుడివైపు పర్షందాతా, దల్ఫోను, అస్పాతా అంటూ ఒకదాని కింద ఒకటి పేర్లు, ఎడమవైపు దాదాపు ప్రతి పంక్తిలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న మాట, మధ్యలో ఖాళీ. చాలా చుట్టల్లో ఈ జాబితాకే ఒక కాలమ్ పూర్తిగా ఇచ్చి, పెద్ద అక్షరాలతో 11 పంక్తులు రాస్తారు. వైజాతా పేరులో వావ్ అక్షరం మిగతావాటికంటే పెద్దది. కొన్ని పేర్లలో ఒక్కో అక్షరం కావాలనే చిన్నదిగా ఉంటుంది. లేఖకుడి పొరపాటని రాసేవు సుమా! పది పేర్లనూ ఒక్క ఊపిరిలో చదవాలి. పక్కన వాళ్లను వేలాడదీసిన ఉరికొయ్య బొమ్మ ఉందా, ఉంటే పేర్లకు ఎంత చోటు మిగిల్చింది, ఆ కాలమ్ కొలతలు ఎంత, ఇవి తప్పనిసరిగా కావాలి.

మొదటిది తప్ప ప్రతి కాలమ్ ‘రాజు’ అన్న మాటతోనే మొదలైతే, అది కావాలని చేసిన కూర్పు. దానికోసం లేఖకుడు కొన్ని పంక్తుల చివర అక్షరాలను సాగదీస్తాడు, కొన్నిచోట్ల ఇరికిస్తాడు. ఆ తంటాలు చూడటం నాకు ఏ బొమ్మ కన్నా ఇష్టం.

ఇప్పుడు బొమ్మలు. అంచు చేత్తో గీసిందా, అచ్చా? మాంటువాలో పుట్టి ఆమ్‌స్టర్‌డామ్‌లో పనిచేసిన షాలోమ్ ఇటాలియా 1640ల నాటికే రాగిరేకు మీద తోరణాలు, పాత్రలు చెక్కి చర్మం మీద అచ్చు వేశాడు. వెనిస్‌లో గ్రిసెలీని అనే చెక్కుడు కళాకారుడి పేరు మీద ఇలాంటి అంచులే ఉన్నాయి. లోపలి పాఠం మాత్రం చేతిరాతే, ఎందుకంటే అచ్చువేసిన పాఠం పండుగ చదువుకు చెల్లదు. ఒక రేకునే మళ్లీ మళ్లీ వాడితే ఒకే గీతలోపం ప్రతి ముక్కలోనూ తిరిగి వస్తుంది, భూతద్దంతో దాన్ని పట్టుకో. అచ్చు అంచు అని తేలితే చుట్ట విలువ తగ్గిందనుకోవద్దు.

కథ జరిగే షూషను నగరం ఇటలీ వీధిలా, హామాను ఆ కాలపు దొరలా కనిపించినా తికమకపడకు. బైబిల్లో లేని దృశ్యం కనిపిస్తే యూదుల ధర్మవ్యాఖ్యాన గ్రంథమైన తాల్ముడ్ వెతుకు. ఉదాహరణకు, గుర్రం మీద మొర్దెకై, కళ్లెం పట్టుకుని హామాను వెళ్తుంటే మేడమీదినుంచి ఒక పిల్ల కుండ కుమ్మరిస్తూ ఉంటుంది. ఆమె హామాను కూతురు. నడిచేవాడు మొర్దెకై అనుకుని మలమూత్రాల కుండను తండ్రి నెత్తినే బోర్లించింది. వష్తి తల నరికే బొమ్మ కూడా ఇలా పాఠం బయటినుంచి వచ్చిందే.

తేదీ లెక్క గుర్తుంచుకో. యూదులు తమ సంవత్సరాన్ని అంకెల విలువ ఉన్న హీబ్రూ అక్షరాలతో రాస్తారు, అందులో ఐదువేలు తరచుగా వదిలేస్తారు (5324ను 324 అని). మొత్తం 324 వస్తే 1240 కలిపి 1564 అను. కొత్త సంవత్సరం శరదృతువులో మొదలవుతుంది కాబట్టి అప్పటినుంచి డిసెంబరు చివరిదాకా పడే తేదీకైతే 1239 కలపాలి. కొందరు ఒక వాక్యంలోని కొన్ని అక్షరాల మీద గుర్తులు పెట్టి, వాటి మొత్తంలో సంవత్సరాన్ని దాస్తారు. ముందు భాగంలో ఆశీర్వచనాలు ఉంటే వాటి రాతను పాఠం రాతతో పోల్చు, చేయి వేరు కావచ్చు.

పట్టిక పూర్తిచేసేలోపు ఫిబ్రవరి, మార్చిలలో యూదుల అదారు నెల 14, అంటే పూరీము, ఎప్పుడొస్తుందో చూసుకుని, ముందుగా అనుమతి అడిగి, దగ్గరలోని సమాజమందిరానికి వెళ్లు. ముందురోజు సాయంత్రం ఒకసారి, పగలు ఒకసారి చదువుతారు. హామాను పేరు వచ్చినప్పుడల్లా పిల్లలు గిలకలతో చెవులు దిమ్మెత్తిస్తారు. నువ్వు మాత్రం చదివేవాడి చేతులు చూడు. ఎస్తేరు, మొర్దెకై దేశమంతటికీ జాబులు పంపారు కదా, అందుకని చుట్టను ముందే విప్పి జాబులా మడతలు పెట్టి చదువుతారు. మీ చుట్టల్లో అలాంటి అడ్డమడతల గీతలు సమాన దూరాల్లో కనిపిస్తే చదును చేయనివ్వకు. మడతకూ మడతకూ మధ్య దూరం కొలిచి, ఏ కాలమ్ మీద పడిందో రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న