మోకాలిలో బలం కొలవబోయే అమ్మడికి

అమలాపురం

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

మోకాలి ఆర్త్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రం గుండా కెమెరా దింపి చేసే కీలు ఆపరేషనులో, పరికరం మొన ఎంత బలంతో ఆనుతుందో కొలవడాన్నే థీసిస్‌గా తీసుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ రాత్రి సంతోషంతో ఒక గంట, భయంతో రెండు గంటలు నాకు నిద్ర పట్టలేదు. 1918లో టోక్యోలో టకాగి అనే డాక్టరు మూత్రాశయాన్ని పరీక్షించే గొట్టంతో ఒక శవం మోకాలిలోకి తొంగిచూశాడు. 1962లో అదే నగరంలో వటనాబే అనే డాక్టరు చిన్న రంధ్రం గుండా మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం) ముక్కను కత్తిరించి తీశాడు. ఆ తరువాత కూడా, ఎంత నొక్కాలన్నది గురువు చేతిని చూసి మేము నేర్చుకున్నదే తప్ప మాకెవరూ ఒక అంకె చెప్పలేదు. ఆ అంకె కావాలని నువ్వు అడగడం న్యాయమే.

ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి సంతకం గురించి నీకు చెప్పనక్కరలేదు. ముందు ప్లాస్టిక్ మోకాలు, తరువాత శవం, ఆ తరువాతే మనిషి. స్ట్రెయిన్ గేజీ (కడ్డీ ఎంత వంగిందో చెప్పే సన్నటి రేకు), దాన్ని అతికించిన జిగురు పరికరాలను శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లోని 121 డిగ్రీల ఆవిరికి తట్టుకుంటాయో లేదో ముందే కనుక్కో. పరికరం బ్యాటరీ మీదే నడవాలి. గోడ ప్లగ్గుకు తగిలించిన తీగను సెలైన్ నిండిన కీలులోకి దింపావని తెలిస్తే నేను బస్సెక్కి వచ్చి మరీ తిడతాను.

ఇక నేను చేసిన తప్పు సంగతి. అసిస్టెంటు ప్రొఫెసరుగా ఉన్న రోజుల్లో నేనూ ఒక ప్రోబ్‌కు, అంటే కీలు లోపల తడిమి చూసే, మొనలో కొక్కెం ఉన్న సన్నటి కడ్డీకి, గేజీలు అతికించాను. అతికించడం తేలికని వాటిని పిడి దగ్గరే, అంటే చర్మానికి బయట ఉండే భాగంలో పెట్టాను. బల్ల మీద ప్రోబ్‌ను బిగించి, కొక్కేనికి 50 గ్రాములు, 100 గ్రాములు, 200 గ్రాములు వేలాడదీస్తే గీత తిన్నగా వచ్చింది; 100 గ్రాములకు 0.98 న్యూటన్లు లెక్క సరిపోయింది. అప్పుడు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. శవాల మీద శిక్షణ జరిగిన రెండు రోజులూ ఆ ప్రోబ్‌నే అందరి చేతికీ ఇచ్చాను. అందరిలోకీ అనుభవజ్ఞుడైన పెద్దాయన చేతిలో బలం ఎక్కువగా, నిన్నగాక మొన్న చేరిన కుర్రవాడి చేతిలో తక్కువగా నమోదైంది. ఆ కాగితాన్ని నేను డిపార్టుమెంటు సమావేశంలో అందరి ముందూ చదివాను. పెద్దాయన ఏమీ అనలేదు. సాయంత్రం తన గదికి పిలిచి, కాఫీ తెప్పించి, గ్రాఫును చాలాసేపు చూసి, "ఇందులో నా చెయ్యెక్కడుందయ్యా?" అని మాత్రం అడిగారు.

మర్నాడు ఆ మోకాలిలోకే ప్రోబ్ దింపాను. మొన దేనికీ తగలకుండా నీళ్లలో ఉన్నట్టు తెర మీద స్పష్టంగా కనిపిస్తోంది. పిడిని కొంచెం పక్కకు వంచాను, గీత పైకి లేచింది. ఇంకొంచెం వంచాను, ఇంకా లేచింది. నేను కొలిచినది మొన ఒత్తిడిని మాత్రమే కాదు, రంధ్రం అంచు ప్రోబ్‌ను తోసే బలాన్ని కూడా. సెలైన్ కారిపోకుండా పెద్దాయన రంధ్రాన్ని చిన్నగా, బిగువుగా పెడతారు. కుర్రవాడు పెద్దగా కోశాడు. నా పరికరం ఆయన పనితనాన్నే మోటుతనంగా లెక్కకట్టింది. నీ చిన్నప్పుడు కోటిపల్లి రేవులో పడవవాడు గెడ వేస్తుంటే గంటసేపు కదలకుండా చూశావు, గుర్తుందా? గెడ పడవ అంచుకు ఆనినప్పుడు చేతికి తెలిసే బరువులో అడుగునున్న బురదదెంతో, అంచుదెంతో విడదీయలేము. నేను బల్ల మీద తూకాలు వేసినప్పుడు ఆ అంచు అక్కడ లేదు. పెద్దాయనకు క్షమాపణ చెప్పాను. అదే సమావేశంలో, అదే మనుషుల ముందు చెప్పి ఉండవలసింది, గదిలో చెప్పాను. అది రెండో తప్పు.

కనుక గేజీలను కొక్కేనికి దగ్గరగా, కీలు లోపల ఉండే భాగంలోనే పెట్టు. ఒకదానికొకటి అడ్డంగా రెండు జతలు ఉంటే తప్ప పైకీ పక్కకీ వంగే బలాలు రెండూ అందవు. సున్నాను బల్ల మీద కాక, మొన సెలైన్‌లో మునిగి, ఏమీ తాకక ముందు చూసుకో. చల్లటి నీళ్లు తగలగానే ఆ సున్నా పక్కకు తప్పుకుంటుంది. క్రమాంకనం చేసేటప్పుడు, అంటే తెలిసిన తూకాలతో సరిచూసుకునేటప్పుడు, ప్రోబ్‌ను ఒక బిగువైన రబ్బరు రంధ్రం గుండా దూర్చి కూడా చూడు.

నా అసలు భయం వేరే ఉంది. మన ఊళ్లో నాట్లు వేసే ఆడవాళ్లు, కొబ్బరి దింపు తీసే మగవాళ్లు "గుజ్జు అరిగిపోయిందండీ" అంటూ వచ్చేవారు. ఆ గుజ్జు, అంటే కీలులో ఎముకల చివర్లను కప్పే మృదులాస్థి, మందం చాలాచోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్లే, దానికి రక్తనాళాలు లేవు, గీరుకుంటే మునుపటిలా పూడదు. లోపలివైపు మెనిస్కస్ వెనక కొమ్మును (దాని వెనక చివరను) అందుకోవడానికి బిగువైన మోకాలిలో పరికరాన్ని తోసేటప్పుడే తొడ ఎముక గుజ్జు మీద గీత పడుతుంది. ఆ సమయంలో సందు తెరుచుకోవడానికి అసిస్టెంటు కాలిని బయటికి నొక్కే బలం నీ ప్రోబ్‌లో ఎక్కడా కనిపించదు, కాబట్టి అతను ఎప్పుడు నొక్కాడో గడియారం చూసి రాయించు. అంకె కోసం ఒక్క క్షణం కూడా ఎక్కువసేపు లోపల ఉండకు తల్లీ. తెర మీద గుజ్జు కనబడుతున్నంతసేపూ గ్రాఫు వైపు నువ్వు చూడకు, ఇంకొకరు చూస్తారు.

నా ఇత్తడి తూకాలు మీ అత్తయ్య చింతపండుతో తోమి, పాత చీరముక్కలో చుట్టి ఇచ్చింది. రేపటి బస్సు పార్సిల్‌లో పంపుతున్నాను. 50 గ్రాములది ఎక్కడో పోయింది. తూనికల శాఖ ముద్ర ఉన్నది చూసి కొనుక్కో.

మీ మావయ్య